రన్ నొక్కే ముందు పెన్సిల్ పట్టించండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా అపార్ట్‌మెంట్ల గేట్లకీ లిఫ్టులకీ ‘పిల్లలకు కోడింగ్’ కాగితాలు అంటుకుంటాయి. ఇంజనీరింగ్ అయిపోయినవాళ్ల కోసం అమీర్‌పేటలో వెలిసిన బోర్డుల భాష ఇప్పుడు ఒకటో తరగతి దాకా దిగింది. ఈ క్యాంపుల్లో చిన్నపిల్లల చేత చేయించేది చాలావరకు పజిల్ ఆటలే. తెర మీద గళ్లుంటాయి, ఒక బొమ్మ ఉంటుంది, ‘ముందుకు’, ‘ఎడమకు’ అనే ముక్కలు పేర్చి రన్ నొక్కితే బొమ్మ నడుస్తుంది. ఆటలు మంచివే. ఆడించే తీరుతోనే మాకు పేచీ. బడి ల్యాబుల్లో, ఇళ్లలో వీటిని ఆడించేవాళ్లకు పనికొస్తాయని కొన్ని సంగతులు రాస్తున్నాం. కాస్త పొడుగు ఉత్తరమే, వీలును బట్టి కత్తిరించుకోండి.

ఇవేమీ నిన్నమొన్న పుట్టిన ఆటలు కావు. 1967లో అమెరికాలో సీమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. తర్వాత దానికి తోడైన తాబేలు ‘ముందుకు 100, కుడికి 90’ అంటే గీత గీసుకుంటూ పోతుంది. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి ముక్కలు పేర్చి ప్రోగ్రాములు రాసే స్క్రాచ్, 2008లో రోబోను నడిపించి దీపాలు వెలిగించే ఆట లైట్‌బాట్, 2013 డిసెంబరులో గంటసేపు కోడింగ్ రుచి చూపించే ‘అవర్ ఆఫ్ కోడ్’ వచ్చాయి. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా చిన్న తరగతుల నుంచే పజిళ్లు, ఆటల ద్వారా గణితంలో ఆలోచన పెంచమంది. కోడింగ్‌తో కూడిన పనులు మధ్య దశలో, అంటే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో మొదలుపెట్టమంది. ఆరేళ్ల పిల్లకు కోడింగ్ సర్టిఫికెట్ ఇమ్మని ఎక్కడా అనలేదు.

పేచీ ఎక్కడంటే రన్ బటన్ దగ్గర. ఆటలో తప్పు చేస్తే పోయేదేమీ లేదు, బొమ్మ గోడకు తగిలి ఆగుతుంది, అంతే. పిల్లలు ఈ సంగతి రెండు నిమిషాల్లో కనిపెట్టేస్తారు. ఒక ముక్క పెట్టు, రన్ నొక్కు, ఎక్కడాగిందో చూడు, ఇంకో ముక్క పెట్టు, మళ్లీ నొక్కు. ఈ పద్ధతిలో ఇరవై లెవెళ్లు దాటినా ఆలోచించాల్సిన పని పడదు. అలా దాటిన పిల్లను పిలిచి ‘ఈ మూడో ముక్క తీసేస్తే బొమ్మ ఎక్కడాగుతుందమ్మా?’ అని అడిగి చూడండి, తెల్లమొహం వేస్తుంది. జరగబోయేదాన్ని ముందే మనసులో నడిపించుకోవడమే ప్రోగ్రామింగ్‌లో సగం పని. ఆ సగాన్నీ బటన్‌కు అప్పగించేశాం.

దీనికి మందు చవకైనదే. నోటు పుస్తకంలో రెండు వరుసలు గీయించండి. ఒకదానికి ‘ఆగే గడి’, ఇంకోదానికి ‘చూసే దిక్కు’ అని పేరు. రన్ నొక్కే ముందు ఆ రెండూ రాయాలి. ఒక పజిల్‌కు మూడు రన్‌లే. రాసిందీ జరిగిందీ వేరైతే చివరి ముక్క పీకి ఇంకోటి పెట్టడం కాదు, మొదటి నుంచి ఒక్కో ముక్క మీద వేలు పెట్టుకుంటూ వచ్చి తాము అనుకున్నదానికీ తెరకూ తేడా వచ్చిన మొట్టమొదటి అడుగును పట్టుకోవాలి. తప్పు బయటపడే చోటు ఒకటి, పుట్టిన చోటు ఇంకొకటి. గోడకు గుద్దుకుంది పదో అడుగులో కావచ్చు, తిరగాల్సిన చోట తిరగనిది నాలుగో అడుగులో కావచ్చు.

అసలు తెర దగ్గరకు వెళ్లకముందు ఒక వారం నేల మీద ఆడించాలి. రెండడుగుల టైళ్ల వరండా ఉంటే గీతలు కూడా అక్కర్లేదు. లేదంటే చాక్‌పీస్‌తో అడుగున్నర గళ్లు ఆరు అడ్డం, ఆరు నిలువు గీస్తే చాలు. పాత శుభలేఖల వెనకవైపు కార్డులుగా కత్తిరించుకోవచ్చు. ‘ముందుకు’ పదహారు, ‘ఎడమకు తిరుగు’ ఎనిమిది, ‘కుడికి తిరుగు’ ఎనిమిది, అంకె రాసుకోవడానికి ఖాళీ చీటీలు నాలుగు. మూరెడు దారం ఒకటి. ముగ్గురేసి పిల్లలు. ఒకరు కార్డులు పేరుస్తారు, ఒకరు పైకి చదువుతారు, ఒకరు మర, అంటే చదివినట్టు గళ్లలో నడిచే బొమ్మ. మర అయినవాళ్లు రాసినవాళ్ల మొహం చూడకూడదు. చూస్తే ‘వీడు ఇటు వెళ్లమంటున్నాడు కాబోలు’ అని మంచిమనసుతో తప్పు దిద్దేస్తారు, ఆటంతా వృథా. ‘తిరుగు’ అన్నప్పుడు ఉన్న గడిలోనే తిరగాలి, కాలు గడి దాటకూడదు. మొదటి రోజు సగం తప్పులు ఇక్కడే వస్తాయి. ‘ఎడమకు తిరుగు’ అనగానే పిల్లలు తిరిగి, ఒక అడుగు కూడా వేసేస్తారు.

లూపు, అంటే ఒకే పనిని చెప్పినన్నిసార్లు చేయించడం, చెప్పడానికి మెట్ల పజిల్‌ను మించింది లేదు. కింది వరుసలో ఎడమ నుంచి రెండో గడిలో, కుడివైపు చూస్తూ మర నిలబడాలి. అక్కడి నుంచి మెట్లెక్కినట్టు నాలుగు మెట్లు ఎక్కి ఆరో నిలువు, ఐదో వరుస చేరాలి. ఊరికే పేరిస్తే పదహారు కార్డులు పడతాయి. ‘ముందుకు, ఎడమకు తిరుగు, ముందుకు, కుడికి తిరుగు’ అన్న నాలుగు కార్డుల చుట్టూ దారం పరిచి, పక్కన ‘4 సార్లు’ అని చీటీ పెడితే అదే పని ఐదు ముక్కల్లో అయిపోతుంది. ఆ దారమే లూపు. పిల్లలకు ఇంతకంటే నిర్వచనం అవసరం లేదు.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు చూడండి. మెట్టు ఎక్కేశాం కదా అని చివరి ‘కుడికి తిరుగు’ కార్డు వదిలేస్తారు. మొదటి చుట్టు సరిగ్గానే ఉంటుంది, మర ఒక మెట్టు ఎక్కుతుంది. కానీ అది ఇప్పుడు పైకి చూస్తోంది. రెండో చుట్టులో పైకి ఒక గడి, ఎడమకు ఒక గడి. మూడో చుట్టులో ఎడమకు ఇంకో గడి, కిందకి ఒకటి. నాలుగో చుట్టులో కిందకి ఒకటి, కుడికి ఒకటి. నాలుగు చుట్లూ అయ్యేసరికి మర బయల్దేరిన గడిలోకే వచ్చి, బయల్దేరినప్పటిలాగే కుడివైపు చూస్తూ నిలబడుతుంది. గానుగెద్దు తిరిగినట్టు. రెండో గడి నుంచి ఎందుకు మొదలుపెట్టమన్నామో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మొదటి గడి నుంచే అయితే మూడో చుట్టులోనే గోడకు తగిలి ఆట ఆగిపోతుంది, ఈ తమాషా చూసే వీలుండదు. మర ఇంటికి తిరిగొచ్చాక పిల్లలు పగలబడి నవ్వుతారు. అప్పుడే సూత్రం చెప్పాలి. లూపు మొదట్లో ఏ దిక్కుకు చూస్తుందో, ఒక చుట్టు పూర్తయ్యాక కూడా అదే దిక్కుకు చూస్తుంటేనే రెండో చుట్టు మొదటిదానిలా సాగుతుంది.

ఎడమా కుడీ తికమక వేరే. బొమ్మ కిందకి చూస్తున్నప్పుడు దాని ఎడమ మన కుడి. పిల్లలు తమ ఎడమే చూసుకుంటారు. తెర మీద ఆడేటప్పుడు సీసా మూత మీద ముక్కులా ఒక చుక్క పెట్టి, కాగితం మీద గళ్లలో దాన్ని తిప్పుకుంటూ ఆడితే ఇబ్బంది తగ్గుతుంది. స్క్రాచ్‌లో అయితే ఇంకో మెలిక. ‘ఇన్ని డిగ్రీలు తిరుగు’ అనే ముక్క బొమ్మ ఇప్పుడు చూస్తున్న దిక్కు నుంచి కొలుస్తుంది. ‘ఫలానా దిక్కు చూడు’ అనే ముక్క తెర నుంచి కొలుస్తుంది, అందులో 0 అంటే పైకి, 90 అంటే కుడికి. రెండూ కలిపి వాడితే పెద్దవాళ్లం కూడా తప్పులో కాలేస్తాం. త్రిభుజం గీయమంటే ‘3 సార్లు: ముందుకు 100, కుడికి 60’ అని రాస్తారు, త్రిభుజంలో కోణం 60 కదా అని. వచ్చేది సగం షడ్భుజి. తాబేలు తిరిగేది లోపలి కోణం కాదు, బయటి కోణం, అంటే 120. ఎన్ని భుజాలున్నా చుట్టూ తిరిగొచ్చేసరికి మొత్తం 360. లెక్కల మాస్టారికి ఇదొక పీరియడ్ మొత్తానికి సరిపోయే సరుకు.

ఇంకో చిక్కు మన తెలుగులోనే ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ‘మూడుసార్లు చెయ్యి’ అంటే మొత్తం మూడు. ‘మళ్లీ మూడుసార్లు చెయ్యి’ అంటే ఇప్పటికే ఒకటి అయింది కాబట్టి మొత్తం నాలుగు. రిపీట్ అనే మాటను టీచర్లు ‘మళ్లీ చెయ్యి’ అని చెప్పేస్తారు, పిల్లలు ఒక చుట్టు ఎక్కువ లెక్కపెడతారు. తప్పు పిల్లలది కాదు, మాటది. అందుకే చీటీ మీద ‘3 సార్లు’ అనే రాయాలి, ‘మళ్లీ’ వద్దు. తొక్కుడుబిళ్లలోనూ ఇంతే, వరుసగా ఆరు గళ్లుంటే మొదటి గడి నుంచి చివరి గడికి వెళ్లడానికి ఐదు గెంతులే. గళ్లు లెక్కపెట్టాలా, గెంతులు లెక్కపెట్టాలా అన్నది ముందే తేల్చుకోకపోతే ప్రతి లూపూ ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో అవుతుంది.

షరతుల దగ్గరా ఇదే గొడవ. ‘గోడ తగిలేదాకా నడువు’, ‘గోడ తగలనంతవరకు నడువు’ రెండూ ఒకటే. ఒకటి తగలడంతో ఆగమంటుంది, ఇంకోటి తగలకుండా ఉన్నంతసేపు సాగమంటుంది. రెండూ కలిపేసి ‘గోడ తగిలినంతవరకు’ అని రాస్తే మర మొదటి అడుగే వేయదు, ఎందుకంటే ఇంకా గోడ తగల్లేదు. స్క్రాచ్‌లో ఉన్నది ‘దాకా’ రకం లూపు. టైపు చేసి రాసే పైథాన్ భాషలోకి వెళ్లేసరికి ‘ఉన్నంతవరకు’ రకం ఎదురవుతుంది. ఆరో తరగతిలోనే ఈ రెండు మాటలూ పక్కపక్కన పలికించి ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్పించడం అలవాటు చేస్తే తర్వాత చాలా బాధ తప్పుతుంది. ఒక రకంగా తెలుగు పిల్లలకు ఇక్కడ మేలే ఉంది. ‘దారి ఉంటే ముందుకు, లేకపోతే కుడికి’ అన్నది మనం రోజూ మాట్లాడే వాక్యం, కొత్తగా నేర్పాల్సింది లేదు.

షరతులకు మంచి ఆట బ్లాక్లీ గేమ్స్ అనే సైటులోని మేజ్, అంటే చిక్కుదారుల్లో గమ్యం వెతికే ఆట. డబ్బు కట్టక్కర్లేదు, దించుకుని పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తుంది. పది లెవెళ్లు. మూడో లెవెల్‌లో రెండే ముక్కలు వాడనిస్తుంది, అంటే లూపు వాడకుండా గట్టెక్కడం కుదరదు. పిసినారితనంతో పాఠం చెప్పడం ఈ ఆట గొప్పతనం. పదో లెవెల్‌లో ముక్కలు పది. అక్కడ పనికొచ్చేది ఎడమచేతి పద్ధతి. చీకటింట్లో ఎడమచేత్తో గోడ తడుముకుంటూ వెళ్లినట్టు. తెలుగులో ఇలా రాసుకోవచ్చు:

గమ్యం చేరేదాకా:
ఎడమకు దారి ఉంటే: ఎడమకు తిరుగు, ముందుకు.
లేకపోతే, ఎదురుగా దారి ఉంటే: ముందుకు.
అదీ లేకపోతే: కుడికి తిరుగు.

ఇందులో రెండో వరుసలోని ‘ముందుకు’ మరిచిపోతే ఏమవుతుందో పిల్లల చేత కాగితం మీద నడిపించండి. బొమ్మ తూర్పుకు పోతోంది అనుకుందాం. ఎడమకు, అంటే ఉత్తరానికి ఒక దారి వచ్చింది. తిరిగింది, కానీ అడుగు వేయలేదు. ఇప్పుడు ఉత్తరానికి చూస్తోంది, దాని ఎడమ పడమర, అది తాను వచ్చిన దారే, తెరిచే ఉంది. మళ్లీ ఎడమకు తిరుగుతుంది. ఇప్పుడు ఎడమన దక్షిణపు గోడ, ఎదురుగా వచ్చిన దారి. ఇంకేముంది, వెనక్కి ఇంటిదారి పడుతుంది. తెర మీద చూస్తే బొమ్మకు పిచ్చెక్కినట్టు ఉంటుంది, కాగితం మీద చూస్తే అది చెప్పిన మాట తూచా తప్పకుండా విన్నదని తెలుస్తుంది. ఎడమకు దారి ఉందా అని చూడకముందే ఎదురుగా దారి ఉందా అని చూస్తే ఇంకో రకం తప్పు, పక్కదారులన్నీ దాటుకుని నేరుగా పోతుంది. చురుకైన పిల్లలకు ఇంకో పని ఇవ్వవచ్చు. ఈ పద్ధతి ఓడిపోయే మేజ్ ఒకటి గీయమనండి. గమ్యాన్ని ఆనుకున్న గోడలేవీ బయటి గోడతో కలవకుండా మధ్యలో దీవిలా పెడితే, బొమ్మ బయటి గోడ పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది.

లెవెల్ గెలిచాక బ్లాక్లీ తన ముక్కల వెనక ఉన్న జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష వరుసలు చూపిస్తుంది. పిల్లలు దాన్ని చూడకుండానే మూసేస్తారు. నోటులో ఎత్తి రాయించండి. లాగి వదిలే ముక్కలకూ టైపు చేసే కోడ్‌కూ మధ్య ఉన్న వంతెన అదొక్కటే.

ఇంత చెప్పి మన ఆటలను వదిలేస్తే అన్యాయం. వామనగుంటలు లూపు లోపల లూపుకు చక్కటి పాఠం. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, చింతగింజలు. ఒక గుంటలోవి అన్నీ తీసుకో. చేతిలో గింజలు ఉన్నంతవరకు తర్వాతి గుంటకు జరుగు, ఒకటి వెయ్యి. ఇది లోపలి లూపు. చెయ్యి ఖాళీ అయ్యాక తర్వాతి గుంట చూడు. గింజలుంటే అవి తీసుకుని మొదటికి పో, ఇది బయటి లూపు. ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి నీవి, ఆట ఎదుటివాళ్లది. ఇంటింటికీ నియమాలు మారతాయి, ఇది ఒక తీరు మాత్రమే. ఆ తేడాలే పాఠానికి పనికొస్తాయి. ఇద్దరు పిల్లల చేత వాళ్లవాళ్ల ఇంటి నియమాలు రాయించి, కాగితాలు మార్చుకుని, నోరెత్తకుండా ఆడమనండి. ఎక్కడ ఆట ఆగిపోతుందో అక్కడ నియమం సరిగా రాయలేదన్నమాట.

ఎనిమిదో తరగతికి ఇందులోనే ఇంకో మెట్టు ఉంది. గుంటలకు 1 నుంచి 14 దాకా అంకెలేస్తే 14 తర్వాత ఏంటి? పదిహేనో గుంట లేదు. 0 నుంచి 13 దాకా వేసి, వచ్చిన మొత్తాన్ని 14తో భాగించి శేషం తీసుకుంటే చిక్కు విడిపోతుంది. 11వ అంకె గుంటలో 5 గింజలుంటే చివరి గింజ 16లో పడాలి, 14 పోతే 2. చేత్తో వేసి చూసినా 12, 13, 0, 1, 2. కంప్యూటర్ వాళ్లు సున్నా నుంచి ఎందుకు లెక్కపెడతారో చెప్పడానికి ఇంతకంటే సులువైన దారి మాకు తెలియదు.

లైట్‌బాట్ విషయంలో ఒక జాగ్రత్త. దాని మొదటి రూపంలో ఆదేశాలు పేర్చే ప్రధాన పెట్టెలో 12 గళ్లే ఉంటాయి, అందుకని మళ్లీ మళ్లీ వచ్చే పనిని విడి పెట్టెలోకి తీసి పేరుతో పిలవాల్సి వస్తుంది. ఫంక్షన్ అంటే అదే, బాగుంది. కానీ కొందరు ఆ పెట్టె చివర దాని పేరే మళ్లీ పెట్టి, తనను తాను పిలుచుకునేలా చేసి లూపులా వాడతారు. దీపాలన్నీ వెలిగితే ఆటే ఆపేస్తుంది కాబట్టి చెల్లుతుంది. ఇదే అలవాటు పైథాన్‌లోకి తీసుకెళితే ఆపేవాళ్లుండరు, మామూలు అమరికలో సుమారు వెయ్యి పిలుపుల లోతుకు వెళ్లి తప్పు చూపించి ఆగిపోతుంది. ‘ఎప్పుడు ఆగాలి?’ అన్న ప్రశ్న ఆట అడగదు, టీచరే అడగాలి.

ఈ గళ్ల ఆటల్లో చాలావాటిలో లేని వస్తువు వేరియబుల్, అంటే ఒక విలువను పేరు పెట్టి దాచుకునే చోటు. నూరు లెవెళ్లు గెలిచిన పిల్లలు కూడా ‘స్కోరును ఒకటి పెంచు’ దగ్గర నీళ్లు నములుతారు. దీనికి చాలామంది టీచర్లు రెండు గ్లాసుల ఉదాహరణ చెబుతారు. ఒకదానిలో ఇరానీ చాయ్, ఒకదానిలో మజ్జిగ, తారుమారు చేయాలంటే మూడో గ్లాసు కావాలి. చెప్పడానికి బాగుంటుంది కానీ అందులో ఒక లోపం ఉంది. చాయ్ ఒంపితే మొదటి గ్లాసు ఖాళీ అవుతుంది. వేరియబుల్ ఖాళీ కాదు. దానిలోని విలువను ఇంకోదానికి ఇస్తే, ఇచ్చినదానిలోనూ అది అలాగే ఉంటుంది. తీసుకున్నదానిలోని పాత విలువ మాత్రం చెరిగిపోతుంది. అందుకని గ్లాసుల బదులు పలకలు మేలు. ‘అ’ పలక మీద 7, ‘ఆ’ పలక మీద 3. ‘అ’ను చూసి ‘ఆ’ చెరిపి 7 రాయి. ఇప్పుడు రెండిటిలోనూ 7, మూడు ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న పిల్లల నోటి నుంచే వస్తుంది. మూడో పలక ఎందుకు కావాలో కూడా వాళ్లే చెబుతారు.

స్క్రాచ్‌లో స్కోరు ఆట చేసేటప్పుడు మూడు తప్పులు తప్పకుండా వస్తాయి. ఒకటి, ఆట మొదలుపెట్టే పచ్చజెండా నొక్కినప్పుడు స్కోరును సున్నా చేయరు, నిన్నటి స్కోరు మీదే ఈరోజుది కలుస్తుంది. రెండు, ‘పండు తగిలితే’ అన్న షరతును ‘ఎప్పటికీ’ లూపు లోపల పెట్టరు. ఆట మొదలైన క్షణంలో ఒక్కసారి చూసి, అప్పటికి తగల్లేదు కాబట్టి వదిలేస్తుంది. మూడోది సరదాగా ఉంటుంది. లూపు లోపల పెట్టాక పండు ఒక్కసారి తగిలితే స్కోరు పదీ ఇరవయ్యీ పెరుగుతుంది. ఆ లూపు సెకనుకు దాదాపు 30 సార్లు తిరుగుతుంది, తగిలి ఉన్నంతసేపూ ప్రతిసారీ ఒకటి కలుపుతుంది. తగలగానే పండును వేరే చోటికి పంపేస్తే సరి.

తొమ్మిది, పది తరగతులకు 2015లో వచ్చిన ‘హ్యూమన్ రిసోర్స్ మెషీన్’ మంచి ఆట. పదకొండే ఆదేశాలు. డబ్బాలు తీసుకో, నేల మీద గడిలో కాపీ పెట్టు, కలుపు, తీసివెయ్యి, సున్నా అయితే దూకు, అలా. పలకల ఆట ఆడిన పిల్లలకు నేల మీది గళ్లు వెంటనే అర్థమవుతాయి. ఇందులో ప్రతి పజిల్‌కూ రెండు లక్ష్యాలుంటాయి, తక్కువ ఆదేశాలతో రాయడం ఒకటి, తక్కువ అడుగుల్లో పూర్తిచేయడం ఇంకోటి. ‘తీసుకో, పెట్టు, మొదటికి దూకు’ అంటే మూడు ఆదేశాలే, కానీ ఒక్కో డబ్బాకు మూడు అడుగులు. ‘దూకు’ లేకుండా వరుసగా రాస్తే ఒక్కో డబ్బాకు రెండే అడుగులు, రాత మాత్రం బారెడు. రెండూ ఒకేసారి ఎందుకు కుదరవో చర్చ పెట్టండి. స్టార్ల కోసం వీడియో చూసి జవాబు ఎత్తి రాసే జబ్బుకు ఇదొక విరుగుడు, ఎందుకంటే ‘ఎందుకు’ అన్నది వీడియోలో ఉండదు.

ల్యాబు సంగతులు క్లుప్తంగా. పాత ఆటలను నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో కాలం చెల్లింది, కాబట్టి పాత సీడీల్లో, పాత సైట్లలో ఉన్న ఫ్లాష్ పజిళ్లు తెరుచుకోకపోతే సిస్టం పాడైందని మెకానిక్‌ను పిలవక్కర్లేదు. స్క్రాచ్ 3 డెస్క్‌టాప్‌కు విండోస్ 10 కావాలి. విండోస్ 7 ఉన్న పాత సిస్టంలకు స్క్రాచ్ 1.4 చాలు. అయితే ఇంట్లో 3లో చేసిన ఫైలు బడిలోని 1.4లో తెరుచుకోదు, తిరగేసి అయితే తెరుచుకుంటుంది. పది సిస్టంలు, నలభై మంది పిల్లలు అయితే ఇరవై మంది నేల మీద, ఇరవై మంది ఇద్దరేసి చొప్పున తెర ముందు. పీరియడ్ సగంలో మార్చుకోవాలి. జంటలో మౌస్ ఒకరిది, పెన్సిల్ ఇంకొకరిది, ప్రతి పజిల్‌కూ చేతులు మారాలి. లేకపోతే మౌస్ ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది, ఎక్కువగా అబ్బాయి చేతిలో. కరెంటు పోయినా నేల మీది ఆట ఆగదు.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. ఆదివారం పిల్లల పేజీలో పదవినోదం, సుడోకు వేస్తున్నారు కదా, వాటి పక్కన అరచేతి వెడల్పు చోటిస్తే వారానికో గళ్ల ప్రోగ్రాం వేయవచ్చు. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, రన్ బటన్ ఉండదు, అదే దాని గొప్ప. ఇంగ్లిష్ రాకపోయినా పరవాలేదు. నమూనాకు ఒకటి పంపుతున్నాం.

ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు. చీమ కింది వరుసలో ఎడమ చివరి గడిలో, కుడివైపు చూస్తూ ఉంది. దానికి ఇచ్చిన ప్రోగ్రాం: ‘3 సార్లు: ముందుకు, ముందుకు, ఎడమకు తిరుగు’. చీమ ఏ గడిలో ఆగుతుంది, ఏ దిక్కుకు చూస్తుంది? రెండో ప్రశ్న: 3 తీసేసి 102 అని పెడితే?

జవాబు వేరే కాగితం మీద రాసి జతచేశాం. దయచేసి అదే రోజు వేయకండి, తర్వాతి ఆదివారం దాకా ఆగండి.

ఇట్లు,
పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే కొందరు ఉపాధ్యాయులు,
హైదరాబాద్